పరగడుపా, ఉపవాసమా?

ఆ శనివారానికి జాక్లిన్ వేసుకున్న పథకం చిన్నదే. పొద్దున్నే పరాయి దేశపు ఊరు పారమట్టాలో ఉన్న తెలుగు చర్చి హాలు తలుపులు తీయాలి. వచ్చినవాళ్ళ వేలు గుచ్చి షుగర్ చూడాలి. తరవాత రాగి ఇడ్లీ పెట్టి తిండి గురించి నాలుగు మంచి మాటలు చెప్పాలి. మధ్యాహ్నానికల్లా హారిస్ పార్క్ పేటలోని తన గదికి చేరి పడుకోవాలి. యూనివర్సిటీ ఆరోగ్య కోర్సులో ఆఖరి ప్లేస్‌మెంట్, అంటే మార్కులు పడే ఫీల్డ్ వర్క్, ఇదే. ఇది తప్పితే ఇంకో సెమిస్టర్ చదవాలి. మార్కులు వేసేది మారిసోల్. చిన్నప్పుడే చిలీ నుంచి వచ్చిన ఆవిడ, తన లాటినో జనానికి షుగర్ రాకుండా పాటలతో, డాన్సులతో కార్యక్రమం నడిపి పేరు తెచ్చుకుంది. "మాది కాపీ కొట్టకు. మీవాళ్ళకి ఏది నప్పుతుందో అది చెయ్యి" అన్నది ఆవిడ ఇచ్చిన ఒకే ఒక్క సలహా.

అందుకే జాక్లిన్ ప్రకటన తెలుగులో రాసింది. ఫాస్టింగ్ అన్న మాటకి తెలుగు వెతికి, "శనివారం అందరూ ఉపవాసంతో రావాలి" అని చర్చి వాట్సాప్ గ్రూపులో పెట్టింది.

తలుపు తీసేసరికి సంఘమంతా బయటే ఉంది. ఆడవాళ్ళు తెల్లచీరల్లో, నెత్తిన ముసుగులతో. మగవాళ్ళ చేతుల్లో కీబోర్డు, తబలా. పాస్టరు సమూయేలు గారు గొంతు సవరించుకుంటున్నారు.

జాక్లిన్ గబగబా స్త్రీల సమాజం పెద్ద అమృతం ఆంటీ చెయ్యి పట్టుకుంది. "ఆంటీ, ఇదంతా ఏంటి? జస్ట్ షుగర్ టెస్ట్ కదా!"

"ఉపవాసంతో రమ్మంది నువ్వేగా అమ్మాయ్?"

"అంటే... ఏమీ తినకుండా రమ్మని."

"అట్టాగైతే పరగడుపున రమ్మనాలి. ప్రార్థన లేకుండా తినకపోతే పస్తంటారు, ఉపవాసమనరు. పద, పాట ఎత్తుకున్నారు."

పాటలయ్యాయి. వాక్యమయింది. ఒక్కొక్కరూ లేచి తమ బతుకు సంగతులు చెప్పుకునే సాక్ష్యాలు మొదలయ్యాయి. మారిసోల్ వచ్చి వెనక కుర్చీలో కూర్చుంది. సూదుల పెట్టె ఒళ్ళో పెట్టుకుని జాక్లిన్ గడియారం వంక చూస్తూనే ఉంది.

నాథన్ అంకుల్ లేచాడు. "షుగర్ మాత్ర మింగుతున్న సంగతి ఇన్నేళ్ళూ మా ఆవిడకి కూడా చెప్పలేదండీ. పిల్ల సంబంధాలకి అడ్డమొస్తుందని దాచాను."

"మీ జేబులు ఉతికేది ఎవరనుకున్నారు?" అంది భార్య ముసుగులోంచి.

హాలు నవ్వింది. అంకుల్ కూడా నవ్వబోయి, తూలి కుర్చీలో పడ్డాడు. ఆ పొద్దున కూడా ఖాళీ కడుపు మీద మాత్ర మింగే వచ్చాడు మరి, షుగర్ పడిపోయింది.

జాక్లిన్ వంటగదిలోకి పరిగెత్తింది. ఫ్రిజ్‌లో ఉన్నది ద్రాక్షరసం ఒక్కటే. చేతికందినవి ఆరాధనలో వాడే చిన్న చిన్న గిన్నెలే. వాటితోనే నాలుగైదుసార్లు తాగించింది. అంకుల్ మొహంలోకి రంగు తిరిగి వచ్చింది.

ముందు వరసకి మాత్రం కనిపించింది వేరు: తల వంచిన మనిషి, చిన్న గిన్నె, ద్రాక్షరసం.

"బల్ల మొదలైంది" అని ఎవరో గుసగుసలాడారు. యేసు పేరిట ద్రాక్షరసం పంచుకునే ప్రభు బల్ల అంటే ఆగేదెవరు? అమృతం ఆంటీ పళ్ళెం అందుకుని పంచడం మొదలుపెట్టింది. నాథన్ కోసం కళ్ళు మూసుకుని ప్రార్థిస్తున్న పాస్టరు గారు కళ్ళు తెరిచేసరికి వరస తలుపు దాకా సాగింది. అందరి కడుపుల్లోనూ తీపి పడింది.

జాక్లిన్ వెనక్కి వెళ్ళి మారిసోల్ పక్కన కూలబడింది. "అందరూ జ్యూస్ తాగేశారు. ఇంక టెస్టుకి పనికిరారు. నా సెమిస్టర్ పోయింది."

"పడబోయే ముందు ఆయన ఏమన్నాడు?"

జాక్లిన్ చెప్పింది.

"మా నాన్న కూడా దాచాడు. కాలు తీసేసే దాకా దాచాడు" అంది మారిసోల్. "నా గ్రూపులో ఆ మాట ఒకరి నోట రావడానికి ఏడాది పట్టింది. దానికోసం ఎన్ని డాన్సులు వేయించానో! ఇక్కడ కాఫీ కూడా ఇవ్వకుండా చెప్పించావు." లేచి కారు తాళాలు తీసింది. "మూడు నెలల షుగర్ చూసే కిట్లు తెచ్చాను. వాటికి తిన్నా తాగినా ఫరవాలేదు. ఇంతకీ వీళ్ళని పస్తు పెట్టమని నీకెవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు. జాక్లిన్ సూదుల పెట్టె మూత తీసింది.

ద్రాక్షరసానికి నిలబడ్డ వరస చెదరకుండా అలాగే వేళ్ళు చాచింది.

సాయంత్రానికి ఫలితాలు వచ్చాయి. జాక్లిన్ పరీక్ష పాసయింది. షుగర్ పరీక్షలో పాస్టరు గారు తప్పారు.