ముఖాలన్నీ నిక్షేపం

“మన క్రీముకీ సూర్యుడికీ పడకపోతే, తప్పు సూర్యుడిది!”

సౌందర్య సాధనాల కంపెనీ డైరెక్టరు గారు బల్ల గుద్ది మరీ ఇచ్చిన తీర్పు ఇది. ముద్దాయి ఆ సమయానికి కిటికీ అవతలే ఉన్నాడు కానీ, పాపం, సంజాయిషీకి ఎవరూ లోపలికి పిలవలేదు. చీవాట్లు తినే పని పరీక్షల మేడమ్ మీద పడింది.

ఆవిడ ఉద్యోగం వీపులు చూడటం. స్వచ్ఛందంగా వచ్చినవాళ్ల వీపు మీద ఒకే క్రీమును రెండు చోట్ల రాస్తుంది. ఒకదాన్ని నల్లగుడ్డతో కప్పి, రెండోదాని మీద ఎండలాంటి దీపం వేస్తుంది. మర్నాడు రెండింటినీ పోల్చి చూస్తుంది. ఈసారి గుడ్డ కింద చర్మం హాయిగా ఉంది. దీపం తగిలినచోట కందిపోయి బొబ్బలెక్కింది.

“అంటే చీకట్లో మంచిదేగా!” అన్నాడు ప్రచారం చూసే మేనేజరు. “రాత్రి క్రీము అని పేరు పెట్టేద్దాం సార్!”

“రాత్రి రాసుకున్నవాళ్లు పొద్దున్న గడప దాటరా?” అంది మేడమ్.

డైరెక్టరు గారికి చిర్రెత్తుకొచ్చింది. “నేను నెలల తరబడి ఇదే రాసుకుంటున్నా. నా మొహం చూడండి! రేపు మిట్టమధ్యాహ్నం ఆఫీసు ముందు మీరు తప్ప అందరం ఇది పూసుకుని ఎండలో కూర్చుంటాం, మీరు చూస్తూ ఉండండి. ఎల్లుండికి ఒక్క మొహం కందినా సరుకు బయటికి పంపను. కందకపోతే మీరు రాజీనామా ఇవ్వాలి. సరేనా?”

ఆవిడ జీతం మీదే ఇల్లు గడుస్తోంది. అయినా కళ్లారా చూసిన బొబ్బల్ని లేవనడానికి నోరు రాలేదు.

“సరే సార్.”

ఆ సాయంత్రమే తలా ఒక డబ్బా ఇచ్చి ఇంటికి పంపారు. మర్నాడు అందరూ ఎవరి డబ్బా వాళ్లు తెచ్చుకుని, ఫొటోగ్రాఫరు ముందు ముఖాలకు దట్టంగా పట్టించుకున్నారు. డైరెక్టరు గారి భార్య ముఖ్య అతిథిగా ముందు వరసలో కూర్చుంది. ఏం ఎండ! ఏం త్యాగం!

ఆ మర్నాడు చూస్తే ఆఫీసులో ఒక్క ముఖమైనా కందలేదు! వీపులు తను సరిగ్గా చూడలేదేమోనని మేడమ్‌కు తన మీద తనకే అనుమానం వచ్చింది.

అంతలో మేనేజరు సందు చూసుకుని పక్కకు చేరాడు. “మేడమ్, మీ మాటంటే నాకు గురి. ఆ డబ్బా ఖాళీ చేసి మా చెల్లెలి క్రీము నింపుకొచ్చా. ఎక్కడా అనకండేం!”

తర్వాత క్యాషియరు వచ్చాడు. ఆయనది వాళ్లావిడ క్రీము. డ్రైవరుది ఇంట్లో పాల మీగడ. ఆవిడ పరీక్షను నమ్మనివాడు కంపెనీలో ఒక్కడూ లేడు. అంతమంది నమ్మబట్టే ఆవిడ ఉద్యోగం ఊడుతోంది!

ఒళ్లు మండిపోయి, రాజీనామా ఇచ్చేద్దామని డైరెక్టరు గారి గదిలోకి నడిచింది. వెనకే మేనేజరూ మిగతావాళ్లూ సానుభూతితో బయల్దేరారు. వాళ్లను తోసుకుంటూ ముఖానికి చున్నీ చుట్టుకుని డైరెక్టరు గారి భార్య వచ్చింది. చున్నీ తీయగానే అందరూ అమ్మో అన్నారు. నుదురు నుంచి గడ్డం దాకా ఎర్రగా వాచి ఉంది.

“క్రీములు పరీక్ష చేసేది మీరేగా?” అంటూ మేడమ్ చేతిలో ఒక డబ్బా పెట్టింది. “ఖరీదైన విదేశీ క్రీమండీ ఇది, ఎప్పుడూ రాసుకునేదే. నిన్న ఎండలో కూర్చునేసరికి ఇలా చేసింది. ఈయన్ని చూడండి, ఎలా నిగనిగలాడుతున్నారో! ఇక నేనూ మీ కంపెనీదే వాడతా. ఒకటి ఇటివ్వండి.”

మేనేజరు వినయంగా అలమరలోంచి కొత్త డబ్బా తీసి అందించాడు. ఆవిడ మూత తీసి వేలు ముంచింది.

“వద్దే! ముట్టుకోకు!” డైరెక్టరు గారు కుర్చీలోంచి ఎగిరి దూకారు. “ఉన్న మొహం కూడా మాడిపోతుంది!”

ఆవిడ కొత్త డబ్బా వాసన చూసింది. తన డబ్బా వాసన చూసింది. రెండూ ఒకటే!

“ఏవండీ, నా క్రీము మీరు పూసుకుని, దీన్ని నా డబ్బాలో నింపారా?”

డైరెక్టరు గారు దిక్కుతోచక మేడమ్ వైపు చూశారు.

“సార్, ఒక్క మొహం కందినా సరుకు ఆపేస్తానన్నారు,” అంది మేడమ్ నెమ్మదిగా. “అమ్మగారి మొహం లెక్కలోకి వస్తుందా, రాదా?”

జవాబు కోసం భార్య కూడా ఆయన వైపే చూస్తోంది.