రెండు కుళాయిలు, తొమ్మిది గంటలు

"ఇంతకాలం ప్రశ్నలు పిల్లల్ని పరీక్షించాయి. ఇకపై మనం ప్రశ్నల్నే పరీక్షిస్తాం!" అని విద్యాశాఖ మంత్రిగారు ప్రకటించగానే సభ చప్పట్లతో మారుమోగింది. ఇంతటి ఆలోచన ఇంతవరకూ ఎవరి బుర్రకూ తట్టకపోవడం విడ్డూరమే.

ఆ మహత్కార్యం పరీక్షల బోర్డులో గణాంకాలు చూసే శాతాలమ్మ నెత్తిన పడింది. ఏమడిగినా శాతాల్లో చెబుతుందని ఆఫీసువాళ్ళు పెట్టిన పేరది. కాలేజీ ప్రవేశ పరీక్షలో ఏ ప్రశ్న ఎంత కష్టమో, ఏది బాగా చదివినవాళ్ళనీ చదవనివాళ్ళనీ విడదీస్తోందో ఆవిడ తేల్చాలి. ఆవిడ కూతురూ ఆ పరీక్షే రాసింది. ఒక్క మార్కులో సీటు తప్పింది. మూడు రోజులుగా ఆ పిల్ల ఎవరితోనూ మాట్లాడటం లేదు.

పదిహేడో ప్రశ్న దగ్గర ఆవిడ ఆగిపోయింది. మొదటి వందమందిలో దానికి మార్కు వచ్చింది నలుగురికి. చివరి వందమందిలో అరవై ఒక్కరికి! ఇలా తలకిందులైందంటే తప్పు పిల్లల్లో కాదు, జవాబుల కీలో ఉంటుంది. ప్రశ్న తీసి చూసింది: ఒక కుళాయి ట్యాంకును ఆరు గంటల్లో నింపుతుంది, ఇంకొకటి మూడు గంటల్లో. రెండూ ఒకేసారి తిప్పితే ఎంతసేపు పడుతుంది? కీలో జవాబు తొమ్మిది గంటలు.

కాగితం పట్టుకుని డైరెక్టరుగారి గదికి పరుగెత్తింది.

"రెండు గంటలండీ! రెండు కుళాయిలు తిప్పితే తొందరగా నిండాలి గానీ ఆలస్యమెలా అవుతుంది?"

"అమ్మా, ఒక ఫైలు నా దగ్గర ఆరు రోజులుంటుంది. కార్యదర్శిగారి దగ్గర మూడు రోజులు. మొత్తం ఎన్ని?"

"తొమ్మిది. కానీ అది..."

"మరి? నాది ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసు. ఇద్దరు చెయ్యేస్తే పని తొందరగా అయిన దాఖలా నేను చూళ్ళేదు." ఆయన గొంతు తగ్గించారు. "పైగా ఆ ప్రశ్న మంత్రిగారు స్వయంగా రాశారు."

విషయం తెలిసి మంత్రిగారు కోప్పడలేదు. అంతటి సహృదయులు. "తెలివైనవాళ్ళే బోల్తా పడ్డారంటే ఎంత గొప్ప ప్రశ్నో చూడండి! అయినా అనుమానమెందుకు? ప్రయోగం చేసి చూపిద్దాం," అన్నారు.

మర్నాడు బోర్డు ఆవరణలో ట్యాంకు, రెండు కుళాయిలు, వేదిక, విలేకరులు. మంత్రిగారు ఉదయం తొమ్మిదింటికి కుళాయిలు తిప్పి ఉపన్యాసం అందుకున్నారు. పదకొండుకల్లా ట్యాంకు నిండి పొర్లింది. ఆయన ఆపలేదు. నీళ్ళు చీలమండలు దాటాయి. విలేకరులు కుర్చీలెక్కారు. సాయంత్రం ఆరింటికి ఉపన్యాసం ముగించి, ట్యాంకులోకి తొంగిచూసి, "నిండింది!" అన్నారు. మళ్ళీ చప్పట్లు.

డైరెక్టరుగారు సాక్షుల రిజిస్టరు తెచ్చి శాతాలమ్మ ముందు పెట్టారు. "ట్యాంకు నిండిన సమయం సాయంత్రం ఆరు. సంతకం పెట్టమ్మా."

"పదకొండుకే పొర్లిందండీ! నా కళ్ళతో చూశాను."

"మీ అమ్మాయి కూడా ఈ పరీక్షే రాసిందటగా? తల్లి బోర్డులో, కూతురు పరీక్షలో. ఎవరైనా విచారణ వేస్తే పాపం, ఉన్న మార్కులూ పోతాయి. వచ్చే ఏడాది రాయనివ్వరు కూడా."

ఆవిడ సంతకం పెట్టింది.

ఇంటికొచ్చేసరికి కూతురు గుమ్మంలోనే ఉంది. ఇన్నాళ్ళకి నోరు విప్పింది. "అమ్మా, ట్యాంకు ఎంతసేపట్లో నిండింది?"

"తొమ్మిది గంటలు పట్టిందమ్మా."

కూతురు తల్లి చెప్పులకేసి చూసింది. అవి తడిసి ముద్దయ్యాయి. ఆ పిల్ల లోపలికెళ్ళి, లెక్కల నోట్సు తీసి, రెండు కొట్టేసి తొమ్మిది రాసుకుంది.

"ఈసారి సీటు వస్తుందిలే అమ్మా," అంది.