చాయ్‌లో వాసన, తెర మీద నీలం

ఇకపై అమీర్‌పేట భూమి కింద నీళ్లు ప్రభుత్వానికి తెలియకుండా ఒక్క అంగుళం కూడా కదలలేవని మంత్రిగారు ప్రకటించారు. మైత్రీవనం అవతల, గోడగోడకీ జావా కోచింగ్ బోర్డులున్న మా సందులో భూగర్భజల కంప్యూటర్ శిక్షణ కేంద్రం ఆ విధంగా వెలిసింది.

మర్నాడే పాపను చంకనేసుకుని వెళ్లాను. మా బోరునీళ్లు డీజిల్ వాసన కొడుతున్నాయి. రెండేళ్ల పిల్ల తాగినప్పుడల్లా కక్కేస్తోంది. మున్సిపాలిటీ నల్లా కనెక్షన్ ఇప్పించమని కాగితం రాయించుకెళ్లాను.

డైరెక్టర్ వంశీధర్ గారు కాగితం విప్పకుండానే, "ఎంతవరకు చదివావమ్మా?" అన్నారు.

"ఏడు దాకా సార్. గా నల్లా సంగతి..."

"మహిళల సీటు ఒకటి ఖాళీగా ఉంది, చేరిపో. నల్లా రావాలంటే మీ నీళ్లు పాడయ్యాయని కంప్యూటర్ చెప్పాలి. నీ ముక్కు చెబితే ఫైలు కదలదు."

అంతటి ఉదారులు. నాకు సీటిచ్చారు, పాపకు ఆడుకోవడానికి పాత కీబోర్డిచ్చారు.

తెర మీద మా బస్తీని గళ్లుగళ్లుగా గీశారు. ఏ గడిలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో, మట్టి ఎలాంటిదో ఎక్కిస్తే నీళ్లు ఎటు పోతాయో తెలుస్తుందట. నీళ్లతో పాటు మురికి ఎటు పాకుతుందో ఎర్రగా కనిపిస్తుందట. సందులో బోర్లన్నిటిలోకీ టేపు దించి కొలిచింది నేనే. మురుగు గుంతలు, డీజిల్ ట్యాంకులు ఎక్కడెక్కడున్నాయో చూసి గళ్లలోకి ఎక్కించిందీ నేనే.

ఇరవయ్యో రోజున ఎర్ర మచ్చ పుట్టింది. సరిగ్గా మా బోరు దాకా పాకింది. ఎక్కడ మొదలైందా అని చూస్తే, మేం కూర్చున్న బిల్డింగు సెల్లార్లో, జనరేటర్ డీజిల్ ట్యాంకు దగ్గర.

"సార్, చెప్పింది సార్! కంప్యూటర్ చెప్పింది!"

వంశీధర్ గారు వెళ్లి తలుపు దగ్గరగా వేసి వచ్చారు. "చంద్రికా, ఎల్లుండి మంత్రిగారొస్తున్నారు. ఈ బిల్డింగు ఆయన బావమరిదిది. మోడల్‌లో ఇలాంటివి దిద్దుకోవడాన్నే క్యాలిబ్రేషన్ అంటారు."

ఆ పాఠం నాకప్పటిదాకా రాలేదు. ఆయన ఒక్క నొక్కు నొక్కారు. ట్యాంకు పోయింది. బస్తీ అంతా నీలం.

"మరి వాసన సార్?"

"వాసనకు ఇందులో గడి లేదమ్మా."

మంత్రిగారు వచ్చి నీలం చూసి మురిసిపోయారు. "గీ నీళ్లతోనే చాయ్ తాగుత!" అన్నారు. వంశీధర్ గారు కూల్‌డ్రింకు తెప్పించబోయారు. మంత్రిగారు వినలేదు. ఆ భాగ్యం మా ఇంటికి దక్కింది. మా బోరునీళ్లతోనే పెట్టి తెచ్చాను.

ఒక్క గుటక. మంత్రిగారు కప్పు దించారు. కళ్లు చెమర్చాయి.

"ఏంది చెల్లె, ఇంకా కిరసనాయిలు స్టౌ మీదనే వండుతున్నవా? చాయ్‌ల సుత వాసనొస్తున్నది!"

"మాది కరెంటు పొయ్యి సార్. నీళ్లే..."

"సిగ్గుపడకు. నీ గోస నాకు సమజైంది." వెనకనున్న పీఏ వైపు తిరిగారు. "రాఘవేందర్! చెల్లెకు గ్యాస్ కనెక్షన్ శాంక్షన్!"

చప్పట్లు మోగాయి. మర్నాడు పేపర్లో ఫొటో పడింది: మంత్రిగారు, నేను, సిలిండరు.

నీళ్లు బాగున్నాయని కంప్యూటర్ తేల్చింది గనుక నా నల్లా కాగితం వెనక్కొచ్చింది. సర్టిఫికెట్ కూడా వచ్చింది, ఫస్ట్ క్లాస్.

ఇప్పుడు పాప తాగే బోరునీళ్లు గ్యాస్ మీదే కాస్తున్నాను. మంట చక్కటి నీలం, అచ్చం తెర మీద నీళ్లలాగే. గ్లాసు నోటి దగ్గర పెడితే పాప ముక్కు మూసుకుంది.

దానికింకా క్యాలిబ్రేషన్ రాలేదు.