సేతుమాధవరావు గారి ఫోనుకు నోరు కావాలి

ఇకమీదట తమ ఇంటి టెలిఫోనును తాము స్వయంగా ఎత్తబోమని ఆదోని పట్టణ పార్టీ కార్యదర్శి సేతుమాధవరావు గారు విలేఖరుల సమావేశంలో ప్రకటించారు. విలేఖరులు ఇద్దరు వచ్చారు. ఒకాయన ఉప్మా అయిపోగానే వెళ్లిపోయాడు కాబట్టి ఈ చారిత్రక ప్రకటనను పూర్తిగా విన్నది రెండో ఆయన ఒక్కడే.

"నాకూ ప్రజలకూ మధ్యన ఒక మనిషి ఉండాల," అన్నారు సేతుమాధవరావు గారు. "నేరుగా తగులుకుంటే ప్రజాస్వామ్యానికి మంచిది కాదు."

"ఎందుకు సార్?"

"కరెంటు తీగను నేరుగా ముట్టుకుంటావా అప్పా? మధ్యన స్విచ్చు ఉండాల్నా, వద్దా?"

విలేఖరి రాసుకున్నాడు. ఇంత లోతైన మాట ఆదోనిలో, అదీ ఉప్మా మీద పుట్టిందంటే ఆయనకే ఆశ్చర్యంగా ఉంది.

నిజానికి ఆ ఫోను కోసం సేతుమాధవరావు గారు ఏళ్ల తరబడి తపస్సు చేశారు. వచ్చిన రోజు దానికి టెంకాయ కొట్టి, కుంకుమ పెట్టి, దారంతో అల్లిన గుడ్డ కప్పారు. వీధి మొత్తానికి అదొక్కటే ఫోను. ఆ సంతోషం పది రోజులు కూడా నిలవలేదు. వీధిలోని వాళ్లంతా తమ పెండ్లి పత్రికల మీద, దుకాణం బోర్డుల మీద ఆయన నంబరు వేయించి, పక్కన పి.పి. అని రెండక్షరాలు చేర్చుకున్నారు. ఫోను ఆయనది, పలికేది మేము అని దాని తాత్పర్యం. దాంతో పట్టణ పార్టీ కార్యదర్శి అంతటివాడు, "హుసేనమ్మా, గుంతకల్లు నుంచి నీ అల్లుడు!" అని పంచె ఎగ్గట్టుకుని వీధిలో కేకలేస్తూ పరిగెత్తవలసి వచ్చేది.

ఇది చాలదన్నట్టు తల్లి గంగాబాయి మడి ఒకటి. "ఊరందరి నోళ్లూ తగిలినాయి దానికి. మడితో ముట్టుకున్నావంటే మళ్లా తలమీద నీళ్లు పోసుకోవాల్సిందే," అని ఆమె శాసనం. హైదరాబాదు పెద్దలేమో సరిగ్గా ఈయన దేవుడి ముందు కూర్చున్నప్పుడే ట్రంకు కాలు బుక్ చేసేవాళ్లు.

ట్రంకు కాలును పోగొట్టుకునే సమయం కాదది. ఆదోని-ఎమ్మిగనూరు పత్తి చేనేత సమన్వయ మండలికి ఛైర్మన్‌ను వేయబోతున్నారు. ఆ మండలి ఏం చేస్తుందో రెండు ఊళ్లలోనూ ఎవరికీ తెలియదు. దానికొక జీపు ఉందని మాత్రం అందరికీ తెలుసు. సేతుమాధవరావు గారు మనసులో ఇప్పటికే ఆ జీపు ముందు సీట్లో, ఎడమకాలు బయటికి పెట్టుకుని, ఎమ్మిగనూరు దాకా చాలాసార్లు పోయి వచ్చారు. ఎప్పుడైనా హైదరాబాదు నుంచి పిలుపు రావచ్చు. అందుకని ఫోనుకు ఒక నోరు కావాలి. అది మంచి నోరై ఉండాలి.

పరీక్ష నిజంలా ఉండాలని ఆయన స్వయంగా ఎమ్మిగనూరు పోయి, ఒక చీరల కొట్లోంచి తన ఇంటికి తానే ఫోను చేశారు. మొదటి అభ్యర్థి బావమరిది నరహరి, బడిపంతులు.

"హలో, సేతుమాధవరావు గారున్నారా?"

"లేరండీ."

"యాడికి పోయినారు?"

"అది బావ నాకు చెప్పలేదండీ. ఉండండి, లోపలికి పోయి అడిగొస్తా."

బయటికి పోయిన మనిషిని లోపల అడిగి వస్తాననడం పంతులు చేసే పనేనని సేతుమాధవరావు గారు క్షమించారు.

రెండో అభ్యర్థి చక్రపాణి, పార్టీ వక్త. రిసీవరు చేతికి మైకులా తగిలేసరికి ఆయన ఆగలేకపోయాడు. మూడు నిమిషాల కాలు "ఆదోని పుర ప్రజలారా" దగ్గరే అయిపోయింది. పక్కనున్న కొట్టువాడు చీరలు మడతపెడుతూ, "ఎవరు సార్, చచ్చిపోయినారా ఎవరన్నా?" అని అడిగాడు.

మూడో అభ్యర్థి తిక్కయ్య. హాలహర్వి మనిషి. పత్తి మండీలో ఒక దళారి గడప దగ్గర కూర్చుని, పైకం కోసం వచ్చిన రైతులకు "సావుకారి బళ్లారికి పోయినాడు" అని చెప్పడమే ఇన్నేళ్లూ అతని ఉద్యోగం. తిట్టుకుంటూ వెనక్కి పోయిన రైతు ఒక్కడు లేడట. సావుకారి ఆరోగ్యం జాగ్రత్త అని చెప్పి పోయేవారట.

"హలో, సేతుమాధవరావు గారు కావాల."

"సామి క్యాంపుకు పోయినాడప్పా."

"యాడికి క్యాంపు?"

"నువ్వు యాడ నుంచి మాట్లాడతాండావు?"

"ఎమ్మిగనూరు."

"ఆడికే! దావలో ఉంటాడు. బస్టాండు కాడ నిలబడు, కనపడతాడు."

సేతుమాధవరావు గారు ఫోను పెట్టేసి, కొట్టు మెట్ల మీద నిలబడి, కాసేపు తన కోసం తానే బస్టాండు వైపు చూశారు. ఉద్యోగం తిక్కయ్యకు ఇచ్చేశారు.

తిక్కయ్య మొదట్లో ప్రతిదీ లోపలికొచ్చి అడిగేవాడు. తర్వాత ఆ అవసరం లేకపోయింది. ఊరు అడిగేవి మూడే ప్రశ్నలు కదా. నీళ్లు రాలేదన్నవాళ్లకు "పైకి రాసినాం". రోడ్డు అడిగినవాళ్లకు "శాంక్షనైంది, కంకర రావాల". ఉద్యోగం అడిగినవాళ్లకు "సామి నోట్లో ఎప్పుడూ నీ పేరే". ఇంతకు ముందు సేతుమాధవరావు గారు స్వయంగా ఇవే మాటలు చెబితే తిట్టిన జనం, ఇప్పుడు "పాపం, సామికి తినే పొద్దు కూడా లేదంట, ఎప్పుడూ క్యాంపే" అని కళ్లు తుడుచుకునేవారు.

ఈ కీర్తిలో ఒకే ఒక ఇబ్బంది ఉంది. క్యాంపులో ఉన్న మనిషి వీధిలో కనపడకూడదు. ఒకరోజు బెండకాయల కోసం వెనక సందులోంచి పోతూంటే రంగప్ప అనే రైతు ఎదురుపడ్డాడు.

"సామీ! మీరు క్యాంపులో ఉండారు కదా?"

"ఉన్నాను," అన్నారు సేతుమాధవరావు గారు.

రంగప్ప నమస్కారం పెట్టి పోయాడు. ఆనాటి నుంచి ఆయన గడప దాటడం మానేశారు. పెండ్లిళ్లకు తిక్కయ్య పోయేవాడు. ప్రారంభోత్సవాలకు తిక్కయ్య పోయేవాడు. దండ తెచ్చి మొదట్లో సామి మెడలో వేసేవాడు. తర్వాత తర్వాత వాడిపోతుందని దావలోనే తన మెడలో వేసుకునేవాడు. ఉగాది మరునాడు కైరుప్పలలో పిడకలతో కొట్టుకునే పండగకు సామిని పిలిస్తే అక్కడికీ తిక్కయ్యే పోయి, ఒక మంచి పిడకను నుదుటి మీద సంపాదించుకొచ్చాడు. "సేతుమాధవరావు ప్రతినిధికి గాయం" అని పత్రికలో పడింది. వారం రోజులు ఇంటికి పరామర్శలు. అందరూ సామి పక్కనుంచే లోపలికి పోయి తిక్కయ్య నుదురు చూసి పోయారు.

"నేనే పోయింటే బాగుండేది," అన్నారు ఆయన తల్లితో.

"పిడక తినేదానికి కూడా రాత ఉండాలప్పా," అంది గంగాబాయి.

చివరికి ఒక పొద్దున, ఈయన మడిలో ఉండగా, రావలసిన ట్రంకు కాలు వచ్చింది. సేతుమాధవరావు గారు మంత్రం ఆపకుండా, కళ్లు తెరవకుండా, చెయ్యి మాత్రం ఊపారు. తిక్కయ్య ఎత్తాడు. అవతల ఉన్నది పార్టీ ప్రధాన కార్యదర్శి కాదు, ఆయన పి.ఏ. బసవన్న.

"మా సార్ క్యాంపులో ఉన్నారు. ఏదైనా నాతోనే చెప్పాల."

"మా సామి కూడా క్యాంపేనన్నా. నువ్వూ నాతోనే చెప్పు."

ఒకే కులదైవం ఉన్నవాళ్లు కలుసుకున్నట్టు ఇద్దరూ కాసేపు నవ్వుకున్నారు. తర్వాత రోజూ మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

"ఏమన్నారు తిక్కయ్యా?"

"మీ పేరు పైకి పోయింది సామీ."

"ఎంత పైకి?"

"ఇంకా పోతానే ఉంది."

పదవీ ప్రకటన సభ ఆదోనిలోనే పెట్టారు. ప్రధాన కార్యదర్శి క్యాంపులో ఉండడంతో బసవన్న వచ్చాడు. సేతుమాధవరావు గారు ఎన్నో నెలల తర్వాత బయటికొచ్చి, కొత్త ధోవతితో వేదిక మీద కూర్చున్నారు. కింద నిలబెట్టిన జీపును ఓరకంట చూసుకుంటున్నారు. ముందు సీటు కాస్త ఇరుకుగా ఉన్నా సర్దుకోవచ్చుననిపించింది.

"ఎవరు పిలిచినా పలికిన మనిషి, ప్రజల కోసం నుదుటి మీద దెబ్బ తిన్న మనిషి," అన్నాడు బసవన్న, "ఛైర్మన్ తిక్కయ్య గారు!"

జనం ఈలలు వేశారు. దండ వేయమని ఎవరో సేతుమాధవరావు గారి చేతికే ఇచ్చారు. ఆయన వేస్తూ, వంగి, చెవిలో అడిగారు.

"ఇదేందిరా తిక్కయ్యా?"

"సామీ, మీ తోడు, నేను మీ పేరే సెప్పినా. ఆయప్ప యాడుంటాడని అడిగినాడు బసవన్న. క్యాంపులో అన్నా. ఎప్పుడడిగినా క్యాంపులో అన్నా. ఎప్పుడూ క్యాంపులోనే ఉండే మనిషికి మళ్లా జీపెందుకన్నాడు."

సేతుమాధవరావు గారు అలవాటు కొద్దీ జవాబు కోసం తిక్కయ్య వైపే చూశారు. అసలు జవాబులన్నీ తిక్కయ్య దగ్గరే ఉండేవి.

"వైస్ ఛైర్మన్ ఖాళీ ఉంది," అన్నాడు తిక్కయ్య దండ సర్దుకుంటూ. "మీ పేరు పైకి రాస్తాం."

కొత్త ఛైర్మన్ ఇంటికి ఫోను రావాలంటే ఇంకా ఏళ్లు పడుతుందన్నారు. అందుకని మండలి బోర్డు మీద పెద్ద అక్షరాలతో సేతుమాధవరావు గారి నంబరు రాయించి, పక్కన పి.పి. అని చేర్చారు.

మరుసటి వారం ఒక పొద్దున జీపు వీధిలో ఆగి ఉంది. ఛైర్మన్ తిక్కయ్య వరండాలో ఉప్మా తింటున్నాడు. సేతుమాధవరావు గారు తడి పంచెతో దేవుడి ముందు కూర్చున్నారు. ఫోను మోగింది.

తిక్కయ్య ఉప్మా ఆపకుండా, అటు చూడకుండా, చెయ్యి మాత్రం ఊపాడు.

"మడిలో ఉండావప్పా! ముట్టుకోవద్దు!" అని అరిచింది గంగాబాయి.

అప్పటికే సేతుమాధవరావు గారు నీళ్లు కార్చుకుంటూ పరిగెత్తుకొచ్చి రిసీవరు ఎత్తేశారు.

"ఛైర్మన్ గారు క్యాంపుకు పోయినారప్పా," అన్నారు. "నువ్వు యాడ నుంచి మాట్లాడతాండావు?"