తిట్లు దిద్దిన అల్లుడు

శనివారం పొద్దున కాఫీ చల్లారేలోపే ప్రూఫ్‌రీడర్ గారు ఒక నిర్ణయానికి వచ్చేశారు. మర్నాటికి అత్తగారికి ఎనభై నిండుతాయి. ఇద్దరు కొడుకుల మధ్యా కూర్చుని ఒక్క ఫొటో దిగాలని ఆవిడ కోరిక. ఆ కొడుకులేమో పక్కపక్క ఇళ్లలో ఉంటూ, ఎవరి కారు ఎవరి గేటుకు అడ్డమన్న విషయమై వారం రోజులుగా కుటుంబం గ్రూపులో దుమ్మెత్తి పోసుకుంటున్నారు.

"ఇకమీదట గ్రూపులో అడ్మిన్ తప్ప ఎవరూ రాయకూడదు. చెప్పాల్సింది నాకు పంపండి, అచ్చుతప్పులు దిద్ది పెడతాను," అని అడ్మిన్ హోదాలో ప్రకటించారు.

భార్య నొసలు చిట్లించింది. "మా అన్నదమ్ముల మధ్య మీరెందుకండీ దూరడం?"

"ముప్పై ఏళ్లుగా ఎంతమంది రాతలు దిద్దలేదు! వీళ్లొక లెక్కా?"

పది నిమిషాల్లో అన్న నుంచి వచ్చింది: "ఒరేయ్ దున్నపోతా, కారు తియ్యకపోతే టైర్లలో గాలి తీస్తా." ప్రూఫ్‌రీడర్ గారు కళ్లజోడు సర్దుకుని కాస్త సవరించారు: "తమ్ముడుగారికి నమస్కారం. మీ కారును దయచేసి పక్కకు తీయగలరు."

"తియ్యను, దిక్కున్న చోట చెప్పుకో" అన్న తమ్ముడి జవాబు, "అన్నగారూ, తమరి కోరిక మన్నించలేకపోతున్నందుకు చింతిస్తున్నాను" అయింది. తాము రాసింది మళ్లీ చదువుకునే అలవాటు ఆ వంశంలో ఎవరికీ లేదు. ఎదుటివాడు ఏమన్నాడన్నదే చూస్తారు.

మధ్యాహ్నానికి గ్రూపు చల్లబడింది. ప్రూఫ్‌రీడర్ గారు మీసం దువ్వుకుంటుండగా అత్తగారు ఫోన్ చేశారు.

"అల్లుడుగారూ, చిన్నాడు అన్నం ముట్టలేదు. వాళ్లన్నయ్య వాణ్ణి 'మీరు' అన్నాట్ట! పుట్టినప్పట్నుంచీ ఒరేయ్ అన్నవాడు ఇవాళ పరాయివాణ్ణి చేసేశాడని ఒకటే ఏడుపు."

పెద్దకొడుకేమో తలుపేసుకుని కూర్చున్నాడట. "నన్ను 'తమరు' అన్నాడంటే వాడి వెనకాల ఎవరో లాయరున్నాడు. రేపు నేను రాను," అంటున్నాడట.

కంగారుపడిన ప్రూఫ్‌రీడర్ గారు తనకు తెలిసిన ఏకైక వైద్యం చేశారు. మర్యాద మోతాదు పెంచి, ఇద్దరి రాతల్లోనూ 'మహాశయా' అని చేర్చారు. సాయంత్రానికి అన్న నిజంగానే లాయరును మాట్లాడుకున్నాడు. తమ్ముడు ఇల్లు అమ్మేస్తానన్నాడు.

ఆదివారం అత్తగారు కూతురింట్లో రెండు ఖాళీ కుర్చీల మధ్య బిక్కమొహంతో కూర్చున్నారు. చూడలేక భార్య ఆయన ఫోన్ లాక్కుని, అన్నదమ్ములు పంపినవన్నీ పంపినవి పంపినట్టే గ్రూపులో పెట్టేసింది. వాళ్లిద్దరినీ కూడా అడ్మిన్లను చేసి, మళ్లీ అందరూ రాసుకునేలా మార్చింది.

అరగంటలో ఇద్దరూ గుమ్మంలో ఉన్నారు.

"నన్ను దున్నపోతన్నావా?" అన్నాడు తమ్ముడు, అన్న భుజం పట్టుకుని.

"అన్నాన్రా! నిన్ను 'మీరు' అంటానా వెధవా? నీ మొహానికి అదొకటా!"

ఇద్దరూ కావలించుకున్నారు. అత్తగారు కళ్లు తుడుచుకుని, "హమ్మయ్య, పిల్లలు మామూలుగా ఉన్నారు," అన్నారు. ఆ తర్వాత ఇద్దరూ కలిసికట్టుగా బావగారి వైపు తిరిగారు.

ఫొటో అద్భుతంగా వచ్చిందని గ్రూపులో అందరూ మెచ్చుకున్నారు. తీసిన అల్లుడుగారు మాత్రం ఆ మెచ్చుకోళ్లు చూడలేదు; అప్పటికే ఆయన్ని గ్రూపులోంచి తీసేశారు, ఎంతో మర్యాదగా.