తొక్కదగిన కొండ

కొండ ఎక్కడానికి రెండు కాళ్లు చాలు. ఏ కొండ ఎక్కాలో తేల్చడానికి మాత్రం ఒక మండలి, దానికో భవనం, ఆ భవనానికి కనీసం రెండు అంతస్తులు కావాలి. ఈ సత్యం గ్రహించిన రోజునే మన సమాజం నాగరికమైందని నా అభిప్రాయం.

అంతకుముందు రోజులు తలుచుకుంటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. కొండదారుల్లో ఆరేసి గంటలు, పన్నెండేసి గంటలు సైకిల్ తొక్కే పోటీలు ఏడాదికి నూటపదకొండు జరిగేవి. జనం ఎవరో చెప్పగా విని, సైకిల్ తుడుచుకుని వెళ్లి, తొక్కేసి వచ్చేవారు. రాళ్ల మీద పడేవారు, లేచేవారు, బురద ముఖాలతో నవ్వుకుంటూ ఇల్లు చేరేవారు. తాము తొక్కినది తొక్కదగిన పోటీయో కాదో వారిలో ఒక్కరికీ తెలియదు. తెలియకుండానే సంతోషించేవారు. (ఆధారం లేని సంతోషాన్ని వైద్యులు ఏ పేరుతో పిలుస్తారో ఇక్కడ చెప్పి ఎవరినీ నొప్పించదలచుకోలేదు.)

ఈ అరాచకాన్ని ఆపడానికే ఓర్పు సైకిల్ పోటీల యోగ్యతా మండలి పుట్టింది. మండలి ప్రతి పోటీకీ నలభైఒక్క గడుల్లో మార్కులు వేస్తుంది. మొదటి పదిహేను గడులు ఎత్తు, దూరం, వాలు, రాళ్ల మొన వంటి భౌతిక విషయాలు. తర్వాతి ఇరవైలో బురద చిక్కదనం (దీన్ని కొలవడానికి ఉప బురద నియంత్రణాధికారి ఒకరున్నారు, ఆయన బూట్లు ఎప్పుడూ అద్దంలా మెరుస్తుంటాయి), దారిలో ఇచ్చే అరటిపండు ఎంత మగ్గింది, మెడల్ బరువెంత, ఆ మెడల్ చూసి పక్కింటివారి ముఖం ఎంత మారింది వంటివి వస్తాయి. చివరి ఆరు గడులు పూర్తిగా మనసుకు సంబంధించినవి. బాధలో నాణ్యత, మధ్యలో మానేద్దామని ఎన్నిసార్లు అనిపించింది, 'నేనెందుకు పుట్టాను' అన్న ప్రశ్న ఎన్నో కిలోమీటరు దగ్గర వచ్చింది, వచ్చినది ఎంతసేపుంది. ఇదంతా ఇప్పుడు ఒక యాప్‌లో ఉంది. వేలు పెట్టి తోస్తే చాలు, ఒకరి మనోవ్యథ పక్కన ఇంకొకరి మనోవ్యథ వరుసగా కనిపిస్తుంది.

నాకు ఈ మండలితో పని పడింది మా బావ మోకాలి వల్ల.

బావ అంటే అక్క భర్త. కళ్లజోళ్ల దుకాణం నడుపుతాడు. పద్దెనిమిదేళ్లుగా మేమిద్దరం జోడీ విభాగంలో తొక్కుతున్నాం. జోడీ అంటే ఇద్దరూ కలిసి బయలుదేరి ఇద్దరూ కలిసి గీత దాటాలి. ఒకడు వెనకబడితే రెండోవాడు ఆగాలి. మా జోడీలో వెనకబడేవాణ్ణి నేను, ఆగేవాడు ఆయన. (ఈ ఏర్పాటు గురించి మేమెప్పుడూ మాట్లాడుకోలేదు.)

మార్చి నెలలో ఎముకల డాక్టరు ఆయన మోకాలి ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు.

"ఇంకొక్క పోటీ తొక్కండి. ఈ ఏడాదిలోనే. ఆ తర్వాత మోకాలు మార్చేద్దాం. మార్చాక కొండల మాట మర్చిపోవాలి."

"పెద్దదొకటి కాకుండా చిన్నవి రెండు తొక్కితే?" అన్నాడు బావ.

"ఇది కూరగాయల బండి కాదండీ, బేరం ఆడటానికి."

బయటికొచ్చి ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నాం. బావ కాలు చాపుకుని, నా భుజం మీద చెయ్యి వేశాడు.

"బామ్మర్దీ, ఏది తొక్కుదామో నువ్వే చూడు. టూత్ బ్రష్ కొనడానికి మూడు రోజులు ఆలోచించే మనిషివి. నీకు తెలిసినట్టు నాకు తెలీదు."

ఇది మెచ్చుకోలే అనుకున్నాను. నేను గ్రంథాలయంలో పుస్తకాలకు నంబర్లు వేస్తాను. మమ్మల్ని తరచుగా మెచ్చుకోరు.

"నన్నడిగితే కోతమిల్లు దగ్గర పెడతారే, అది చాలు. హాయిగా ఉంటుంది," అన్నాడు మళ్లీ.

కోతమిల్లు పోటీ అంటే ఒక కలప మిల్లు యజమాని తన సరదా కొద్దీ పెట్టే డెబ్భై కిలోమీటర్ల వ్యవహారం. నంబరు కాగితం ఉండదు, చేతి మీద పెన్నుతో రాస్తారు. ముగింపు గీతను రంపపు పొట్టుతో గీస్తారు. యాప్‌లో వెతికితే 'అంచనా వేయబడలేదు' అని వచ్చింది. అంచనా వేయబడని పోటీ యోగ్యమైనది కాజాలదని మండలి నాలుగో నిబంధన.

"అంటే బాగుండదా?" అన్నాడు బావ.

"బాగుంటుందో లేదో తెలియదు."

"పోయినేడు మనిద్దరం తొక్కాం కదరా. బాగుంది కదా?"

"అది నీ అభిప్రాయం, బావా."

"మరి తొక్కింది నేనైతే ఎవరి అభిప్రాయం కావాలి?"

ఇలాంటి ప్రశ్నలు అమాయకులే వేయగలరు. నాకు జాలేసింది.

ఏప్రిల్‌లో తొమ్మిది పోటీలతో మొదటి జాబితా తయారుచేశాను. డెబ్భైఒక్క మార్కులతో రెండు కనుమల పోటీ అన్నిటికంటే పైన ఉంది. దరఖాస్తు పంపేముందు అందులో బాధ నాణ్యత సరిగ్గా కొలిచారో లేదో నిర్ధారించుకుందామని మండలికి ఉత్తరం రాశాను. జవాబు వచ్చేలోపు ప్రవేశాలు ముగిశాయి. మర్నాడు చూస్తే దాని మార్కులు ఎనభైఐదు అయ్యాయి.

విచారిస్తే పదిహేడో నిబంధన తెలిసింది. ప్రవేశాలు ముగిసిన ప్రతి పోటీకీ ఐదో వంతు మార్కులు కలుపుతారు. మండలిలోని పశ్చాత్తాప విభాగం ఏళ్ల తరబడి పరిశోధించి కనిపెట్టిన సూత్రమిది: చేజారినదాని విలువ చేతిలో ఉన్నదాని విలువ కంటే ఎప్పుడూ ఎక్కువ. ఇది మానవ స్వభావం. మండలి దాన్ని లెక్కలోకి తీసుకుందంతే. నాకు గర్వంగా అనిపించింది. నేను ఎంచుకోబోయిన పోటీ ఎంత గొప్పదో ఎంచుకోకపోవడం వల్లే కదా తెలిసింది.

మే నెలలో సరస్సు చుట్టుదారి పోటీ ఇలాగే గొప్పదైంది. జూన్‌లో రెండు, జులైలో మరో రెండు. ఆగస్టు వచ్చేసరికి జాబితాలోని తొమ్మిదింటిలో ఆరు ముగిశాయి, ఆ ఆరే మొదటి ఆరు స్థానాల్లో ఉన్నాయి. మిగిలిన మూడింటిలో ఒకటి పట్టుకోవడమంటే ఏడో స్థానంతో సర్దుకోవడం. బావకు మిగిలింది ఒకే ఒక్క పోటీ. ఆ ఒక్కటీ ఏడోదా?

ఈ మాటే వాళ్లింటికి వెళ్లి అక్కతో చెప్పాను. ఆమె మడతపెడుతున్న దుప్పటి ఒక కొస నా చేతికిచ్చింది.

"ఇల్లు అలకగానే పండగ కాదంటారు. నువ్వింకా చీపురు ఎంచుతూనే ఉన్నావు. గట్టిగా పట్టుకో."

"తొందరపడితే తర్వాత బాధపడాలి, అక్కా."

"తొందరా! ఏప్రిల్‌లో మొక్కజొన్న వేసుంటే ఈపాటికి కోసి, కాల్చి, తినేసి, పళ్లు కుట్టుకునేవాళ్లం. ఆయన పొద్దున్నే మెట్లు ఎలా దిగుతున్నాడో తెలుసా? వెనక్కి తిరిగి, నిచ్చెన దిగినట్టు. ఆ మోకాలు నీ జాబితా కోసం ఆగుతుందనుకుంటున్నావా?"

"మంచిది దొరకాలనే కదా."

అక్క దుప్పటి లాక్కుంది. "భయంగా ఉంటే భయంగా ఉందని చెప్పరా. దానికి ఇంత హడావుడెందుకు?"

"దేనికి భయం?"

"నన్నడుగుతావేం? మనసు గురించి ఇటుకలంత పుస్తకాలు చదివింది నువ్వు కదా."

ఆ సాయంత్రం నేను నిజాయితీగా ఆత్మపరిశీలన చేసుకున్నాను. జాబితా తయారవుతున్నంత కాలం ఆ పోటీ మా ముందుంటుంది. ఎంచుకున్న మరుక్షణం దానికో తేదీ వస్తుంది. తేదీ ఉన్నది ఏదైనా అయిపోతుంది. అయిపోయాక ఆదివారాల్లో బావ దుకాణానికి ఏ పని మీద వెళ్లాలి? నా కళ్లు బాగానే ఉన్నాయి. ఈ ఆలోచన నలభైఒక్క గడుల్లో దేనికిందికీ రాదని గ్రహించి పక్కన పెట్టాను.

మర్నాడు మండలికి వెళ్లాను. వైద్య కారణాల మీద రెండు కనుమల పోటీకి ప్రవేశం ఇప్పించమని నా మనవి. పశ్చాత్తాప విభాగం రెండో అంతస్తులో ఉంది. అక్కడి అధికారిని అందరూ పెద్ద సంతకం అంటారు. ఆయన సంతకం పెడితే కాగితంలో ఇంకేం రాయడానికి చోటుండదు. డాక్టరు చీటీని ఆయన రెండువైపులా చదివాడు. వెనకవైపు ఖాళీగా ఉంది, అయినా చదివాడు.

"మోకాలు ఎవరిది?"

"మా బావది."

"మోకాలి యజమాని రావాలండీ."

"మెట్లు ఎక్కలేరు."

"మెట్లు ఎక్కలేనివారు కొండ ఎలా ఎక్కుతారు?"

"కొండ సైకిల్ మీద కదండీ ఎక్కేది."

ఆయన కిటికీలోంచి మెట్ల వైపు చూసి, ఆ అవకాశాన్ని కూడా మనసులో ఒకసారి తూకం వేసినట్టు కనిపించాడు. తర్వాత అన్నాడు: "డాక్టరుగారు 'ఇంకొక్క పోటీ' అని రాశారు. ఏ పోటీయో రాయలేదు. పోటీ పేరు లేకుండా మోకాలు చెల్లదు. మోకాలు చెల్లకుండా పోటీ పేరు ఇవ్వడం కుదరదు."

"ఇదే చివరిదని ఎక్కడైనా రాయొచ్చా?"

"'చివరిది' అన్న గడి లేదండీ. మా దగ్గర అన్నీ పోల్చే గడులే. చివరిదాన్ని దేనితో పోలుస్తాం?"

ఆయన పెన్ను మూత పెట్టి, గొంతు తగ్గించాడు. "ఒకప్పుడు నేనూ తొక్కేవాణ్ణి. మానేసి తొమ్మిదేళ్లయింది. మానేశానని కాదు, మంచిది కోసం చూస్తున్నా." ఆయన కుర్చీ వెనక గోడకు ఒక హెల్మెట్ వేలాడుతోంది. దాని పట్టీకి దుకాణం చీటీ ఇంకా అలాగే ఉంది. మాకు తగిన పోటీలు తేల్చే మండలి తుది జాబితా సోమవారం పదకొండింటికి వస్తుందని చెప్పి, సంతకం పెట్టాడు.

శనివారం పొద్దున బావ ఫోన్ చేశాడు. వెనక గాలిపంపు కొడుతున్న చప్పుడు.

"బామ్మర్దీ, కోతమిల్లు రేపే. ఇద్దరి పేర్లూ చెప్పేశాను. పొద్దున ఆరింటికి వస్తే నీ సైకిల్ కూడా బండి మీద కట్టేద్దాం."

"ఎల్లుండే జాబితా వస్తోంది, బావా. ఇన్నాళ్లు ఆగాం, ఒక్క రోజు."

"నేనాగుతాను సరే. కోతమిల్లు ఆగదు కదరా."

"ఇంతకంటే మంచిది ఉంటే? నీకున్నది ఒక్కటే."

పంపు చప్పుడు ఆగింది.

"ఒక్కటే కాబట్టే రమ్మంటున్నా."

నేను మళ్లీ సోమవారం మాటే ఎత్తాను. ఆయన, "సరేలే. నువ్వు జాబితా చూస్కో, అదీ ముఖ్యమే," అన్నాడు. మా బావకు వెటకారం చేతకాదు. చేతనైతే నాకు సుళువుగా ఉండేది.

ఆయన ఒక్కడే తొక్కాడు. కోతమిల్లులో నిబంధనలు అంత కట్టుదిట్టంగా ఉండవు. జోడీగా పేరిచ్చి ఒక్కడే వస్తే, "సరే తొక్కండి" అంటారట. ఏడు గంటల పైనే పట్టింది. ఈ వివరాలన్నీ అక్క చెప్పింది. పెద్ద ఎక్కుడు అయిపోయాక, పైన ఆయన సైకిల్ దిగి నిలబడ్డాడట. కాలు నొప్పేమోనని నీళ్ల బల్ల దగ్గరివాళ్లు పరుగెత్తుకొచ్చారట. "ఏం లేదు, అలవాటు," అన్నాడట. రెండు నిమిషాలు వెనక్కి చూసి, మళ్లీ ఎక్కాడట.

సోమవారం సరిగ్గా పదకొండింటికి జాబితా వచ్చింది. 'ఈ ఏడాది మీకు తగిన పోటీ లేదు. సరైన నిర్ణయానికి అభినందనలు' అని ఉంది. కింద పెద్ద సంతకంగారి సంతకం ఉండటంతో మిగతా వాక్యాలు చదవడం కుదరలేదు.

మోకాలు మార్చిన నాలుగో రోజున ఆసుపత్రికి వెళ్లాను. అంచనా వేయబడని పోటీని అలా వదిలేయకూడదు కదా, యాప్‌లో తొక్కినవారి అభిప్రాయం నమోదు చేసే ఫారం తెరిచి, మంచం పక్కన కూర్చున్నాను.

"బాధలో నాణ్యత, పదికి ఎంత వెయ్యను?"

బావ నవ్వాడు. "అవన్నీ నాకు తెలీదురా. ఒకచోట వాగు దాటుతుంటే నీళ్లు మోకాలికి తగిలాయి. చల్లగా. అది బాగుంది."

నీటి అడ్డంకులు అన్న గడిలో ఒకటి అని రాశాను.

"మానేద్దామని ఎన్నిసార్లు అనిపించింది?"

"ఒక్కసారి కూడా అనిపించలేదు." కాలి కింద దిండు సర్దుకుని, ఏదో గుర్తొచ్చినట్టు, "నువ్వుంటే బాగుండునని మాత్రం అనిపించింది," అన్నాడు.

"ఎన్నో కిలోమీటరు దగ్గర?"

బావ కళ్లు మూసుకుని, నా కోసం ఆ దారంతా ఒకసారి శ్రద్ధగా గుర్తు తెచ్చుకున్నాడు.

"మొదటి నుంచీ," అన్నాడు.

సున్నా అని రాశాను.

వచ్చే సీజను ఫారాలు నిన్న తెరిచారు. ముందుగా నింపితే ముందుగా పోల్చుకోవచ్చని కూర్చున్నాను. పుట్టిన తేదీ రాస్తే ఆధారం అడిగింది. ఎత్తు రాస్తే ఫొటో అడిగింది. చిరునామా రాస్తే 'నిశ్చయంగా అక్కడే ఉంటున్నారా?' అని రెండుసార్లు అడిగింది. జోడీ పేరు అన్న చోట 'ఎవరూ లేరు' అని నొక్కాను. ఏ ఆధారమూ అడగకుండా తర్వాతి పేజీకి వెళ్లిపోయింది.