నాన్నకు బాబాయి చెవులు

ఆ ఉదయం పెద్దకొడుకు వేసుకున్న పథకం చిన్నది. కాఫీ తాగేలోగా ఫోన్‌లో నాన్న ఫొటో తయారుచేయడం, మధ్యాహ్నానికి ఫ్రేము కట్టించడం, మర్నాటి సంతాప సభకు హాల్లో పెట్టడం. చిక్కల్లా నాన్నకు ఫొటో లేకపోవడమే. ఊళ్ళో సగంమందికి ఫొటోలు తీసిన స్టూడియో యజమాని ఆయన. ఎవరైనా కెమెరా తనవైపు తిప్పితే "నీకు ఫోకస్ రాదు, ఇటివ్వు" అని లాక్కునేవాడు. గుర్తింపు కార్డులో ఉన్నది మనిషో, చెమ్మ పట్టిన గోడో తేల్చడం కష్టం.

"కళ్ళు మూసుకుంటే ఆయన మొహం సరిగ్గా రావట్లేదురా," అంది తల్లి. నాన్న పోయి పట్టుమని పదిరోజులు కాలేదు. ఆ మాట విన్నాక కొడుకు కాఫీ పక్కనపెట్టి ఇంట్లో ఉన్న ఫొటోలన్నీ తిరగేశాడు.

చెల్లెలి పెళ్ళి ఫొటోలో, ఒక స్తంభం చాటున, నాన్న మొహం సగం దొరికింది. ఆ సగాన్నే తిప్పి రెండోవైపు అతికించాడు. బుగ్గమీది పుట్టుమచ్చ రెండయింది. భుజాలు తనవే పెట్టాడు. జుట్టూ, నుదురూ, చెవులూ బాబాయి ఫొటోలోంచి తీసుకున్నాడు. ఆ చెవులు చుట్టాల్లో ప్రసిద్ధం.

"మెడ ఒక రంగు, మొహం ఒక రంగు. అతుకులు తెలిసిపోతున్నాయన్నయ్యా," అంది చెల్లెలు.

"నలుపు తెలుపులోకి మార్చేస్తే అన్నీ కలిసిపోతాయే, చూడు."

నిజంగానే కలిసిపోయాయి. పొంగిపోయి, "రేపు పదింటికి మా ఇంట్లో సంతాప సభ" అని కింద రాసి, చుట్టాల గ్రూపులో పెట్టేసి, ఫ్రేము కట్టించడానికి బజారుకు వెళ్ళాడు.

నాన్న పోయిన సంగతి చుట్టాలందరికీ ముందే తెలుసు. ఫొటోలో ఉన్నది మాత్రం, ఆ చెవులను బట్టి, బాబాయి. అన్న వెనకే తమ్ముడూ వెళ్ళిపోయాడని నిర్ధారించుకున్నారు.

బాబాయి ఫోన్ ఇంట్లో వదిలేసి గడ్డం గీయించుకోవడానికి వెళ్ళాడు. పిన్ని మొదటి ఫోన్‌కు విసుక్కుంది, రెండో ఫోన్‌కు కంగారుపడింది, ఆ తర్వాత ఆస్పత్రికి పరిగెత్తింది. ఆయన నున్నటి మొహంతో తిరిగొచ్చేసరికి వాకిలినిండా జనం. "ఎవరు పోయారు?" అని అడిగితే ఒకావిడ కెవ్వుమంది. "మనిషన్నాక ఎప్పుడో ఒకప్పుడు..." అని ఎవరినో ఓదారుస్తున్న పెద్దాయన మాట మధ్యలోనే మింగేశాడు.

సాయంత్రానికి బాబాయి, ఏడ్చి కళ్ళు వాచిన పిన్ని, వాళ్ళ వెనక చుట్టాలు, అందరూ అన్నగారింటికి వచ్చిపడ్డారు. హాల్లో పెద్ద ఫ్రేము సిద్ధంగా ఉంది.

"ఈ చెవులెవరివిరా?"

"మీవే బాబాయ్. నాన్నవి దొరకలేదు."

"బతికున్నవాడి చెవులు పీకడానికి చేతులెలా వచ్చాయిరా నీకు?"

"శవాల గదిదాకా వెళ్ళొచ్చాను," అంది పిన్ని.

గొడవ విని తల్లి లోపలినుంచి వచ్చింది. ఫ్రేము ముందు చాలాసేపు నిలబడి, "ఎవరీయన?" అంది.

కొడుకు అందరిముందూ ఏడ్చేశాడు. ఇన్ని ముక్కలు అతికించినా నాన్న రాలేదు. ఇక రాడు కూడా.

తల్లి అతని వీపు నిమిరి, బీరువాలోంచి ఒక పాత ఫొటో తెచ్చింది. అందులో వయసులో ఉన్న ఆమె, ఎండకు కళ్ళు చిట్లించి నిలబడి ఉంది. ఆమె కాళ్ళ దగ్గర ఒక పొడుగాటి నీడ, రెండు మోచేతులూ పైకెత్తి, కెమెరా మొహానికి ఆనించుకుని.

"ఇదిగో, ఈయన. ఆ మోచేతులు చూడు. ఊపిరి బిగబట్టి నన్నే చూస్తున్నారు."

"ఇది పెడితే రేపు నువ్వు కూడా పోయావనుకుంటారమ్మా!"

"అనుకోనీరా. ఎదురెళ్ళి కూర్చోమని చెప్పేది నేనేగా."

ఆ నీడ గోడకెక్కింది. పెద్ద ఫ్రేమును మాత్రం, తన వంతు వచ్చినప్పుడు పిల్లలు మళ్ళీ ఫొటోకోసం ఇబ్బంది పడకూడదని, బాబాయి దుప్పట్లో చుట్టి తన ఇంటికి పట్టుకుపోయాడు.